శిక్ష - శ్రమ - సాహిత్యం

మన అభ్యుదయ విమర్శ జైలును గురించి చాలా రాసింది. ఖైదీని గురించి మాత్రం చాలా తక్కువ రాసింది. దాశరథి నిజామాబాదు జైలు గోడమీద బొగ్గుతో పద్యం రాశాడన్న సంగతి మన విద్యార్థులందరికీ తెలుసు. వరవరరావు జైలునుంచి రాసిన "సహచరులు" మనం చదివాం, చదివించాం. ఉద్యమాల్లో పట్టుబడి జైళ్ళకు వెళ్ళినవారి ఉత్తరాలు, డైరీలు మన పత్రికల్లో అచ్చవుతూనే వున్నాయి. ఇదంతా న్యాయమే. కాని అదే జైల్లో, అదే గోడకు అవతలి పక్కన, కోడిని ఎత్తుకుపోయినవాడు, సారా కాచినవాడు, జామీను నిలబడే దిక్కులేక విచారణకోసమే ఏళ్ళు గడుపుతున్నవాడు వున్నారు. వాళ్ళు మన విమర్శలోకి రాలేదు. వచ్చినా "సామాజిక వాతావరణం"గా వచ్చారేగాని మనుషులుగా రాలేదు.

ఈ లోపం ఇతరులదని చెప్పి నేను తప్పించుకోలేను. ముప్పయి ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఉన్నవ లక్ష్మీనారాయణగారి "మాలపల్లి" చెప్పేటప్పుడు కులసమస్య దగ్గర ఒక గంట, స్వరాజ్యోద్యమం దగ్గర ఒక గంట ఆగేవాణ్ణి. సెటిల్‌మెంటు, జైలు వచ్చే భాగాల దగ్గరికి రాగానే "ఇక్కడ రచయిత కథ వదిలి ఉపన్యాసంలోకి దిగాడు, పరీక్షకు అవసరం లేదు" అని పేజీలు తిప్పేసేవాణ్ణి. ఆ పేజీలు తిప్పడం ఎంత పెద్ద తప్పో నాకు ఒక విద్యార్థి చెప్పాడు.

తాడేపల్లిగూడెంలో ఒక అధ్యయన తరగతి. రాజ్యమూ చట్టమూ అన్న విషయం మీద నేను మాట్లాడుతున్నాను. నేరం వర్గసమాజం బిడ్డ అనీ, వర్గాలు పోతే నేరమూ పోతుందనీ, అలవాటైన మాటలు నాలుగు చెప్పాను. కొల్లేటి లంకనుంచి వచ్చిన కుర్రవాడొకడు లేచి, "అది సరేనండి మాస్టారూ, అందాకా మా నాన్న ఏం చేయాలండి?" అన్నాడు. విషయం కనుక్కుంటే ఇది. అభయారణ్యం హద్దులో ఎవరో చేపల చెరువు తవ్వించారు. రాత్రిపూట గట్టుమీద కాపలా వుండడానికి ఇతని తండ్రి కూలికి కుదిరాడు. తనిఖీ జరిగింది. కేసులో గట్టుమీద దొరికినవాడి పేరున్నది. డబ్బు పెట్టినవాడి పేరు లేదు. మనిషి వాయిదాకు వాయిదాకు రోజుకూలి పోగొట్టుకుని ఏలూరు కోర్టు వరండాలో కూర్చుంటున్నాడు. "చెరువు తవ్విన నేరానికి చెరువు లేనివాడు ముద్దాయి ఎలా అయ్యాడండి?" అన్నది అతని రెండవ ప్రశ్న.

ఆ రెండు ప్రశ్నలకూ నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ వ్యాసం ఆ జవాబుకోసం చేసిన ప్రయత్నం.

1. తక్కెడా, మందూ

శిక్షను సమర్థించే సిద్ధాంతాలు ఎన్ని వున్నా వాటిని రెండు మాటల్లో చెప్పవచ్చు. మొదటిది తక్కెడ సిద్ధాంతం. తప్పు ఒక సిబ్బెలో, శిక్ష ఒక సిబ్బెలో. రెండూ సమమైతే న్యాయం. యూరపులో కాంటు దీన్ని నీతిశాస్త్రంగా నిలబెట్టాడు. నేరస్తుడు స్వేచ్ఛగా తప్పు ఎంచుకున్నాడు గనుక అతన్ని శిక్షించడమే అతన్ని మనిషిగా గౌరవించడం అన్నది ఆ వాదం సారం.

మన దేశపు తక్కెడ ఇంకా విచిత్రమైనది. దానికి తూకపురాళ్ళు మనిషినిబట్టి మారుతాయి. మనుస్మృతిలో ఒకే నేరానికి వర్ణాన్నిబట్టి వేరువేరు శిక్షలున్నాయి. మరణదండన పడవలసినచోట బ్రాహ్మణుడికి తల గొరిగితే చాలునన్నారు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన "విజ్ఞానేశ్వరీయము"గా తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో వెలసిన తొలి ధర్మశాస్త్రగ్రంథం అది. తెలుగు పద్యం అంత తొందరగా దండనీతిని తలకెత్తుకోవడం మన సాహిత్యచరిత్రకారులు పాండిత్యంగా మెచ్చుకుంటారేగాని, ఆ దండం ఎవరి వీపుమీద పడింది అని అడగరు.

రెండవది మందు సిద్ధాంతం. నేరం రోగం, జైలు ఆస్పత్రి, జైలరు వైద్యుడు. 1764లో బెకారియా చిత్రహింసనూ మరణశిక్షనూ ఖండిస్తూ పుస్తకం రాసిన తర్వాత, శిక్షకు పగకాక ప్రయోజనం వుండాలన్న వాదం బలపడింది. బెంథాం 1791లో ఒకే కావలివాడు ఖైదీలందర్నీ కనిపెట్టగల గుండ్రని జైలుకు నమూనా గీశాడు. మన దేశంలో 1919-20 నాటి జైళ్ళ కమిటీ, ఖైదీని సంస్కరించడమే జైలు లక్ష్యమని మొదటిసారి అధికారికంగా ఒప్పుకున్నది. అప్పటికి 1894 నాటి ప్రిజన్స్ చట్టం వచ్చి పాతికేళ్ళయింది. ఆ చట్టమంతా క్రమశిక్ష, తాళాలు, దండనలే తప్ప దిద్దుబాటు మాట అరుదు.

ఈ రెంటిలో రెండవది మెరుగైనదని మనవాళ్ళు సాధారణంగా ఎంచుకుంటారు. కాని మార్క్సు 1853లో న్యూయార్కు ట్రిబ్యూను పత్రికలో మరణశిక్షను గురించి రాసిన వ్యాసం చూస్తే, ఆయన ప్రశ్న ఈ ఎంపికకే అడ్డం వస్తుంది. ఒక దేశంలో ఏటా జరిగే నేరాల సంఖ్యా, వాటి రకాలూ లెక్కకు దాదాపు నిలకడగా వస్తున్నప్పుడు, వాటిని ఒక్కొక్క మనిషి స్వేచ్ఛాసంకల్పానికి ఎలా అంటగడతారు? కొత్త నేరస్తులకు చోటు కల్పించడానికి పాతవారిని వురితీసే తలారిని కీర్తించేకన్నా, ఆ నేరస్తుల్ని పుట్టిస్తున్న వ్యవస్థను మార్చడం గురించి ఆలోచించవద్దా? అని ఆయన వాదన. ఈ ప్రశ్న తక్కెడనూ కొడుతుంది, మందునూ కొడుతుంది. ఎందుకంటే ఊరి మంచినీళ్ళలో విషం వున్నప్పుడు రోగికి మందు పోయడం వైద్యం అనిపించుకోదు.

2. ఏలూరు తివాచీ చెప్పే కథ

మార్క్సు ప్రశ్నను పట్టుకుని శిక్షాచరిత్రను మొదటిసారి సమగ్రంగా రాసినవారు జర్మనీనుంచి నాజీల కాలంలో ప్రవాసం వెళ్ళిన రూషె, కిర్‌హైమరు. 1939లో వెలువడిన వారి గ్రంథం ప్రతిపాదన ఇది: ఏ సమాజం ఏ శిక్ష వేస్తుందన్నది ఆ సమాజపు దయాదాక్షిణ్యాలమీద ఆధారపడదు, అక్కడి శ్రమ అవసరాలమీద ఆధారపడుతుంది. కూలీలు చాలనప్పుడు ఖైదీని చంపరు, పనిలో పెడతారు. 1596లో ఆంస్టర్‌డాంలో ఖైదీలచేత రంగుకర్ర అరగదీయించిన కొట్టు అలాంటిదే. కూలీలు మిగిలిపోయినప్పుడు ఖైదీ ప్రాణానికి విలువ పడిపోతుంది. ఎప్పుడైనా ఒక సూత్రం మాత్రం మారదు: బయట అందరికన్నా హీనంగా బతికే కూలివాడి బతుకుకన్నా జైలులోపలి బతుకు ఇంకా హీనంగా వుండాలి. లేకపోతే జైలుకు ఎవరూ భయపడరు.

ఈ ప్రతిపాదనను మన నేలమీద పరీక్షించి చూద్దాం. ఏలూరు తంగెళ్ళమూడి తివాచీలకు పేరుపడింది. పారశీక నేతగాళ్ళ సంప్రదాయంనుంచి వచ్చిన ఈ పని తరతరాలుగా ముస్లిం కుటుంబాల చేతుల్లో నడిచింది. 19వ శతాబ్దిలో ఇంగ్లీషు వర్తకులకు చవక సరుకు కావలసివచ్చింది. నాణ్యం పడిపోయింది, చెట్టుచేమల రంగులు పోయి సీమరంగులు వచ్చాయి. దానికితోడు ఇంకొక పోటీదారు బయలుదేరాడు: సర్కారు జైలు. లాహోరు, ఆగ్రా, ఎరవాడ జైళ్ళలో ఖైదీలచేత తివాచీలు నేయించి సీమకు ఎగుమతి చేశారు. 1880లో జార్జి బర్డ్‌వుడ్ భారత హస్తకళలమీద పుస్తకం రాస్తూ ఈ జైలు తివాచీలు దేశంలోని నేతగాళ్ళను ముంచుతున్నాయని గట్టిగా ఆక్షేపించాడు. ఆయన వలసప్రభుత్వపు మనిషే. విప్లవకారుడు కాడు.

ఇందులో వున్న కిటుకు గమనించాలి. జైలు అప్పుడు ఖైదీకి "పని నేర్పి సంస్కరిస్తున్నాను" అని చెప్పింది. కాని కూలి ఇవ్వనక్కరలేని ఆ పని బయటి నేతగాడి కూలిని తెగ్గొట్టింది. పని పోయిన నేతగాడు ఏం కావాలి? పొలంలో కూలి కావాలి. అదీ లేకపోతే ఏదో ఒక నేరంమీద అదే జైలుకు వెళ్ళి అదే తివాచీ నేయాలి. ఒకే మగ్గం బయట వుంటే కుటుంబానికి అన్నం పెట్టింది, లోపలికి పోతే శిక్ష అయింది.

హీనతా సూత్రానికి మన దగ్గర దొరికే సాక్ష్యం మరీ దారుణమైనది. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో జైళ్ళు నిండిపోయాయి. సహాయపు పనుల్లో మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం సరిపోతుందని టెంపుల్ దొర లెక్కకట్టాడు. జైల్లో ఖైదీకి పెట్టే తిండికన్నా అది తక్కువని, అది ప్రాణం నిలపదని, మద్రాసు శానిటరీ కమిషనరు కోర్నిషు పోట్లాడాడు. అంటే బయటి బతుకు ఎంత హీనమైపోయిందంటే, జైలును దానికన్నా హీనంగా వుంచడం పాలకులకే సాధ్యం కాలేదు. ఇలాంటప్పుడు శిక్ష భయపెడుతుందన్న సిద్ధాంతం ఎక్కడ నిలుస్తుంది? ఆకలిగొన్నవాడికి జైలు భయం కాదు, గంజి.

3. పుట్టుకే నేరమైన చోట

అయితే రూషె సిద్ధాంతం మనకు సగం దూరమే దారి చూపిస్తుందని నా అభిప్రాయం. మిగతా సగం దూరం నడవాలంటే కులాన్ని చూడాలి.

ఎరుకలవారి విషయం తీసుకుందాం. ఉప్పు, ధాన్యం గాడిదలమీద, ఎద్దులమీద వేసుకుని కోస్తానుంచి లోపలి ప్రాంతాలకు చేరవేయడం వారి ముఖ్యమైన జీవనాధారాల్లో ఒకటిగా వుండేది. ఉప్పుమీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది. రైళ్ళు వచ్చాయి, 1890ల్లో మన ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగానే పట్టాలు పడ్డాయి. సంచారవర్తకుడి సరుకు రైలెక్కింది. పని పోయి తిరిగే మనిషి సర్కారుకు అనుమానపు మనిషిగా కనిపించాడు. 1871లో ఉత్తర హిందూస్థానానికి చేసిన నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. పుట్టిన బిడ్డను కూడా నేరస్తుడి లెక్కలోకి చేర్చే చట్టం అది. గుంటూరు జిల్లాలో స్టూవర్టుపురం, సీతానగరం సెటిల్‌మెంట్లు వెలిశాయి. సాల్వేషన్ ఆర్మీవారికి నిర్వహణ అప్పగించారు. స్టూవర్టుపురంవారిని చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీలో పనికి పెట్టారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ సంగతుల్ని రికార్డులతో నిరూపించింది.

ఇక్కడిదాకా రూషె సరిపోతాడు: పొగాకు ఫ్యాక్టరీకి కదలకుండా నిలబడే కూలీలు కావాలి, చట్టం వాళ్ళని ఇచ్చింది. కాని ఏ కూలివాణ్ణయినా ఎందుకు పట్టుకోలేదు, ఎరుకలవాణ్ణే ఎందుకు పట్టుకున్నది? శ్రమ బజారు దీనికి జవాబు చెప్పదు. పుట్టుకతో వృత్తి వుంటుందని నమ్మే సమాజం, పుట్టుకతో నేరం కూడా వుంటుందన్నప్పుడు ఆశ్చర్యపోదు. వలసప్రభుత్వం కొత్త సిద్ధాంతం కనిపెట్టలేదు. మన ఇంట్లో వున్న దానికే ముద్రవేసి చట్టంగా మనకే తిరిగి ఇచ్చింది.

మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952లో పోయింది. పోతూ పోతూ "అలవాటుపడిన నేరస్తుల" చట్టాన్ని తన వారసుడిగా వదిలింది. మద్రాసులో 1948లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 1962లోనూ అలాంటి చట్టాలు వచ్చాయి. తెగ పేరు తీసేశారు, చిరునామా తీసేయలేదు. ఇది పాతకథ అని ఎవరైనా అంటే, 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో ఇచ్చిన తీర్పు చూడమంటాను. జైలు మాన్యువళ్ళలో ఊడ్చే పని ఫలానా కులాలకు, వంటపని ఫలానా కులాలకు అని అప్పటికీ రాసివున్నది. విముక్త తెగలవారిని పుట్టు నేరస్తులుగా చూసే నియమాలున్నాయి. అవి రాజ్యాంగవిరుద్ధమని కోర్టు కొట్టివేసింది. స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్ళకు!

జైల్లో కులం చచ్చిపోతుందని, అక్కడ అందరిదీ ఒకే అంగీ అని మనలో కొందరు నమ్మేవారు. అంగీ ఒకటే. చీపురు మాత్రం ఒకడికే.

4. పుల్లలు, పుల్లరి, కొల్లేరు

ఇక విద్యార్థి రెండవ ప్రశ్నకు వస్తాను. నేరం అనేది ముందునుంచీ వుండి చట్టం దాన్ని పట్టుకుంటుందా? లేక చట్టమే దాన్ని నేరంగా తయారుచేస్తుందా?

1842లో ఇరవై నాలుగేళ్ళ మార్క్సు రైన్‌లాండు పత్రికలో ఒక వ్యాసపరంపర రాశాడు. అడవిలో రాలిన ఎండుపుల్లలు ఏరుకోవడం అక్కడి పేదల పాతహక్కు. అడవి సొంతదార్లు శాసనసభలో కూర్చుని దాన్ని దొంగతనంగా మార్చే చట్టం చేయబోయారు. రాలిన పుల్లకూ నరికిన చెట్టుకూ తేడా చెరిపేస్తే, హక్కుకూ దొంగతనానికీ తేడాను పేదవాడి మనసులోనుంచి మీరే చెరిపేసినట్లు అని ఆయన వాదించాడు. తాను ఆర్థికశాస్త్రంవైపు మళ్ళడానికి ఆ చర్చ ఒక కారణమని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

అదే పుల్లల కథ మన పల్నాటిలో పుల్లరి కథ అయింది. అడవిలో పశువును మేపుకున్నందుకు పన్ను. ఇవ్వకపోతే నేరం. 1921లో పల్నాటి రైతులు తిరగబడ్డారు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. ఆ పోరాటం సందర్భంగానే ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైలుకు వెళ్ళారు. ఆ జైలులోనే "మాలపల్లి" రాశారు. ఈ సంబంధం తెలియకుండా ఆ నవలలోని జైలును "ఉపన్యాసం" అన్నాను నేను!

ఇప్పుడు కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు నిలిచే సరస్సు. ఆ నీరు ఉప్పుటేరు దారిన సముద్రానికి పోతుంది. తాటిదోనెమీద వెళ్ళి వలవేసి, మావులు పెట్టి చేపలు పట్టుకునే లంకగ్రామాల జనానికి నీరు తీస్తే పొలం, నీరు వస్తే చెరువు. 1970ల్లో ప్రభుత్వమే సహకారసంఘాలు పెట్టించి చేపల చెరువులను ప్రోత్సహించింది. లాభం కనిపించగానే బయటినుంచి పెట్టుబడి వచ్చింది. సంఘం కాగితంమీద మిగిలింది, చెరువు కౌలుకు పోయింది. సొంతదారు కావలసినవాడు గట్టుమీద కూలివాడయ్యాడు. 1999 అక్టోబరులో 120వ నంబరు జీవోతో +5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సార్ ఒడంబడికకింద అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. 2006లో "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో యంత్రాలతో, పేలుడుమందుతో గట్లు కొట్టేశారు. ఆ తర్వాత చాలాచోట్ల మళ్ళీ గట్లు లేచాయి.

ఇక్కడ తొందరపడి "పర్యావరణ చట్టం పేదవాడి శత్రువు" అనేస్తే మనం మార్క్సును చదవనట్లే. సరస్సు బతకాలి. సరస్సు చస్తే మొదట చచ్చేది వలవాడే. ఆ జీవో సంప్రదాయపద్ధతిలో చేపలు పట్టుకోవడాన్ని నిషేధించలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నా ప్రశ్న చట్టంమీద కాదు, శిక్ష పడే దిశమీద. వన్యప్రాణి చట్టం ఇలాంటి నేరాలకు మూడేళ్ళ దాకా ఖైదు వేయవచ్చునంటుంది. ఆ ఖైదు ఎవరికోసం కాచుకుని వున్నది? గట్టును తవ్విన పెట్టుబడికి కాళ్ళు లేవు, గట్టుమీద నిలబడదు. నిలబడేది కూలివాడు. తక్కెడ సిద్ధాంతం ఎంత సూక్ష్మంగా తూచినా, సిబ్బెలో వేసిన మనిషే వేరైతే ఆ తూకంతో ఏం పని? రాలిన పుల్లకూ నరికిన చెట్టుకూ వున్న తేడాయే, కాపలా కూలికీ చెరువు లాభానికీ మధ్య వున్న తేడా.

5. మన రచయితలు చూసినది, మేము చూడనిది

ఇప్పుడు సాహిత్యం. మేము చూడని ఈ విషయాన్ని మన రచయితలు చూడకపోలేదు.

"మాలపల్లి"లో వెంకటదాసు దోపిడీదారుల దృష్టిలో బందిపోటు, పేదల దృష్టిలో ధర్మాత్ముడు తక్కెళ్ళ జగ్గడు. అతని పేరులోనే తక్కెడ వున్నది. రామదాసు కుటుంబం సెటిల్‌మెంటు పాలవుతుంది. సంగదాసును కొట్టి చంపిన భూస్వామి ఒక లోకంలో, వెంకటదాసు ఇంకొక లోకంలో న్యాయం పొందుతారు. 1922లో, నేరస్త తెగల చట్టం మద్రాసులో ఉచ్చదశలో వున్నప్పుడు, సంస్కరణాలయమనే దాని లోపల ఏం జరుగుతుందో ఒక తెలుగు నవల చూపింది. మద్రాసు ప్రభుత్వం 1923లో ఆ నవలను నిషేధించింది. చివరకు 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకగాని పూర్తిగా విడుదల కాలేదు. దానిలోని బోల్షివిజంచూసి భయపడ్డారని మనం రాశాం. జైలునూ సెటిల్‌మెంటునూ చూపించినందుకు కూడా భయపడి వుండవచ్చునని మాకు తోచలేదు. ఉన్నవవారికి మందు సిద్ధాంతంమీద, హృదయపరివర్తనమీద నమ్మకం ఎక్కువ. అది ఆయన పరిమితి. కాని ఆయన ఖైదీని చూశాడు.

వట్టికోట ఆళ్వారుస్వామి నిజాం జైళ్ళలో రాజకీయఖైదీగా వుండి, బయటికి వచ్చి "జైలు లోపల" కథలు రాశాడు. అందులో కథానాయకులు తన సహచర కమ్యూనిస్టులు కారు, తనతోబాటు వున్న మామూలు ఖైదీలు. రావిశాస్త్రి "ఆరు సారా కథలు" మద్యనిషేధాన్నిగురించి కాదు. చట్టం ఒక పేదమనిషిని ముద్దాయిగా ఎలా తయారుచేస్తుందన్న దాన్ని గురించి. లాయరుగా కోర్టులో చూసినదాన్ని కథకుడుగా విప్పి చూపాడు. చట్టం ఇంటికి పిలిచి పేరు పెట్టేదాకా ఆ మనుషులు నేరస్తులు కారు.

అయితే ఒక హెచ్చరిక. కోర్టు చెడ్డది గనుక ఊరి న్యాయం మంచిదనే భ్రమ మనలో బలంగానే వుంది. కొల్లేటి లంకల్లో కులపెద్దల కట్టుబాటుకు ఇప్పటికీ బలమున్నది. ఆ కట్టుబాటు కరువులో, వరదలో జనాన్ని కలిపి వుంచిన మాట నిజం. తప్పు వేయడం, వెలివేయడం కూడా దాని పనే. ఊరంతటితో మాటా నీళ్ళూ బందుచేసే వెలికి అప్పీలు లేదు, గడువు లేదు. కాళీపట్నం రామారావు "యజ్ఞం" 1964లో ఈ భ్రమను పగలగొట్టింది. అందులో ఊరి పంచాయతీ మర్యాదగానే మాట్లాడుతుంది, ధర్మమే పలుకుతుంది. ఆ ధర్మమే ఒక కుటుంబాన్ని తరతరాల పాలేరుతనంలోకి నెడుతుంది. కోర్టు గోడలు లేనంతమాత్రాన శిక్ష శిక్ష కాకుండా పోదు.

6. మన ఇంటి సంగతి

ఇంతవరకూ చెప్పింది వింటే మన పాఠకులు సులభంగా తల వూపుతారు. ఇప్పుడు చెప్పేదానికి తల వూపడం కష్టం.

1931-33 మధ్య సోవియట్ యూనియన్‌లో తెల్లసముద్రానికీ బాల్టిక్‌కూ మధ్య కాలువ తవ్వారు. తవ్వింది లక్షమందికి పైగా ఖైదీలు. పనిముట్లు పారలు, తోపుడుబళ్ళు. చలిలో, ఆకలిలో వేలమంది చచ్చిపోయారు. 1934లో గోర్కీ సంపాదకత్వంలో 36 మంది రచయితలు కలిసి ఆ కాలువమీద ఒక గ్రంథం తెచ్చారు. శ్రమ ఖైదీని కొత్తమనిషిగా పోతపోసిందన్నది ఆ గ్రంథం చెప్పే కథ. మనం "అమ్మ"ను గుండెలకు హత్తుకున్నాం, న్యాయమే. కాని ఆ కాలువ గ్రంథం అదే చేతిమీదుగా వచ్చింది.

ఏలూరు తివాచీని ముంచిన జైలు మగ్గం "సంస్కరణ" అన్నప్పుడు మనం నవ్వాం. చీరాల పొగాకు కంపెనీ "సంస్కరణ" అన్నప్పుడు కోపగించాం. కాలువ "సంస్కరణ" అన్నప్పుడు ఎందుకు చప్పట్లు కొట్టాం? గేటుమీది జెండా మారితే పార బరువు తగ్గుతుందా? శిక్షాకాలాన్ని రోజుల్లో కొలిచి నేరంతో మారకం వేయడం సరుకుల మారకం రూపమేనని 1924లోనే చెప్పిన పషుకానిస్‌ను 1937లో ఆ రాజ్యమే చంపింది. ఆయన మాటను మనం ఆయన బతికివుండగా వినివుంటే, మన విమర్శ ఇంకొక దారిని నడిచేది.

ఈ మాట చెబితే శత్రువుకు ఆయుధం ఇచ్చినట్లని కొందరు మిత్రులు అంటారు. నిజం దాస్తే శత్రువుకు ఇచ్చే ఆయుధం అంతకన్నా పెద్దది. పైగా ఇక్కడ పణంగా వున్నది మన గౌరవం కాదు, ఒక సూత్రం: మనిషిని బోనులో పెట్టి చేయించే పని ఏ రాజ్యంలోనూ విముక్తి కాదు.

ఆ సూత్రం మనకు తెలియనిదేమీ కాదు. 1975 డిసెంబరు 1న ఎమర్జెన్సీలో కిష్టాగౌడ్, భూమయ్యలను ముషీరాబాదు జైల్లో వురితీసినప్పుడు దేశమంతటా ప్రజాస్వామికవాదులు గొంతెత్తారు. వాళ్ళు రైతాంగపోరాటంలోని మనుషులు, మనవాళ్ళు. అయితే 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు దోపిడీలో పెట్టిన నిప్పుకు 23 మంది కాలిపోయినప్పుడు, వురిశిక్షపడిన ఇద్దరు దళిత యువకులు ఏ పార్టీకీ చెందినవారు కారు. వాళ్ళు చేసినది ఘోరం. ఆ ఘోరాన్ని ఘోరమంటూనే వురి వద్దని బాలగోపాల్ వంటివారు, పౌరహక్కుల సంఘాలవారు ఊరూరా తిరిగారు. 1998లో రాష్ట్రపతి నారాయణన్ కాలంలో ఆ శిక్ష యావజ్జీవంగా మారింది. రాజకీయఖైదీకీ మామూలు ఖైదీకీ మధ్య మనం కట్టుకున్న గోడకు అక్కడ ఒక గండి పడింది. మన సాహిత్యవిమర్శ ఆ గండిలోనుంచి ఇంకా నడవలేదు.

7. అందాకా

ఇప్పుడు విద్యార్థి మొదటి ప్రశ్న: వర్గాలు పోయేదాకా ఏం చేయాలి?

2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది వున్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి 75 మందికి పైగా నేరం రుజువు కానివారన్న మాట. వీరి విషయంలో తక్కెడా లేదు, మందూ లేదు. తప్పు తేలకుండానే శిక్ష అనుభవిస్తున్నారు. చాలామందికి లోపల వుండడానికి కారణం నేరం కాదు, జామీను డబ్బు. 2024 జూలై 1నుంచి వచ్చిన కొత్తచట్టాల్లో ఐదువేల రూపాయల లోపు దొంగతనానికి మొదటిసారి పట్టుబడి సొత్తు తిరిగి ఇచ్చినవాడికి సమాజసేవ శిక్షగా వేయవచ్చునని వుంది. మొదటిసారి కేసులో చిక్కిన విచారణ ఖైదీ, గరిష్ఠశిక్షలో మూడవవంతు గడిపితే విడుదల కోరవచ్చునని వుంది. దానికి మినహాయింపులూ వున్నాయి. ఆ చట్టాలమీద మనకున్న తగాదాలు చాలా వున్నాయి, అవి వుండవలసినవే. కాని పేదవాడికి పనికివచ్చే ఒక్క వాక్యం వున్నా దాన్ని అతనికి చదివి వినిపించడం మన పని కాదా? సమాజసేవ పేరుతో ఫలానా కులంవాడికే చీపురు ఇవ్వకుండా కాపలా కాయడం మన పని కాదా?

ఆ అధ్యయన తరగతినుంచి పది మంది విద్యార్థులు ఇప్పుడు వంతులవారీగా ఏలూరు కోర్టు వరండాలో కూర్చుంటున్నారు. వాయిదా తేదీ రాసిపెట్టడం, ఉచిత న్యాయసహాయానికి అర్జీ రాయడం, జామీను కాగితం చదివి చెప్పడం: ఇంతే వాళ్ళు చేస్తున్నది. ఇది విప్లవం కాదని వాళ్ళకు తెలుసు. కాని చెరువు లేని ముద్దాయికి ఇప్పుడు ఒక లాయరున్నాడు. చెరువు తవ్వించిందెవరో తేల్చమని కోర్టులో ఒక అర్జీ పడింది. దాని ఫలితం ఇంకా తేలలేదు.

నేను మాత్రం ఈ ఏడు "మాలపల్లి" పాఠం చెప్పేటప్పుడు ఏ పేజీలూ తిప్పలేదు. సెటిల్‌మెంటు దగ్గర ఒక గంట ఆగాను. వెనక బెంచీలో కొల్లేటి కుర్రవాడు తలవంచుకుని ఏదో రాసుకుంటున్నాడు. గంట కొట్టాక కూడా లేవలేదు.